మగ్గం కింది అద్దం

వెంకటేశ్వర్లు షావుకారు మగ్గాలవాళ్ల ఇళ్లకు ఊరికే రాడు. వచ్చాడంటే చీర ఆలస్యమైనా అయ్యుండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి. సోమవారం పొద్దున ధర్మవరంలో పీరా ఇంటి ముందు ఆయన మోటారు సైకిలు ఆగేసరికి, లోపల అతని పెళ్లాం ఆరిఫా చేతిలోని చేట కింద పెట్టేసింది. చీర శనివారమే ఇచ్చేశారు. పోయినవాళ్లు ఎవరూ లేరు. మరి ఈయనెందుకు వచ్చినట్టు?

పీరా అప్పుడే నేత ఆపి, నేసిన బట్ట కింద అద్దం పెట్టి చూసుకుంటున్నాడు. వాళ్ల మగ్గం మీద చీర బోర్లా పడుతుంది. మంచి మొహం నేలవైపు, దారాలు తేలిన వెనక మొహం నేసేవాడివైపు. పువ్వు సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే కింద అద్దం పెట్టి తొంగి చూడాల్సిందే. రేకు చట్రం బిగించిన, ఒక మూల పెచ్చు ఊడిన ఆ గడ్డం గీసుకునే అద్దం ఆరిఫా వాళ్ల నాయన అబూబకర్‌ది. షావుకారును చూడగానే పీరా దాన్ని పక్కన పెట్టి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి కాళ్లు పైకి తీసి లేచాడు. తువ్వాలుతో చాప దులిపాడు.

షావుకారు కూర్చోలేదు. "ఏమ్మా ఆరిఫా, బాగుండావా?" అన్నాడు.

పదేళ్లలో ఆయన ఆమెను బాగున్నావా అని అడగడం అదే మొదలు. అనుమానం ఆరిఫాకు అక్కడే మొదలైంది.

"బెంగళూరోళ్లు ఎవరో ఉండారు. చేత్తో పని చేసేటోళ్లతో మాట్లాడి పుస్తకం వేస్తారంట. ఎట్ల తోచింది, ఏంటికి అట్ల చేస్తిరి అని అడుగుతారంట. ఆ మాటలు బాగా నచ్చితే వాళ్ల పేరు పుస్తకంలో వేసి, సొంత మగ్గం కూడా పెట్టిస్తారంట. మన చెనిక్కాయ చీర ఫొటో పంపిచ్చినా. బేస్తవారం హిందూపురానికి రమ్మన్నారు."

ఆరిఫా మొహం చాటంత అయింది. చెనిక్కాయ చీర నేసింది పీరా, కానీ అది పుట్టింది ఆరిఫా చేతిలో. గ్రాఫ్ కాగితం మీద గడి గడి లెక్కపెట్టి నాలుగు నెలలు గీసింది. మామిడిపిందెలూ హంసలూ తప్ప ఇంకేం ఎరగని ధర్మవరం అంచు మీదికి చెనిక్కాయ చెట్టును, అదే వేరుశనగ మొక్కను, వేళ్లతో సహా ఎక్కించింది.

"నేనేం చెప్పల్ల సావుకారూ ఆడ?"

"నువ్వేం చెప్తావమ్మా! చీర విప్పి చూపించేదానికి మనిషి కావల్ల కదా, దానికి వస్తువులే. పేరు మా వసుంధరది ఇచ్చినా. బెంగళూరులో డిజైను కోర్సు చేసిన పిల్ల, నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడతాది. మీ ఇంటికి పంపిస్తా. ఎట్ల గీసినావు, ఏంటికి గీసినావు అంతా పూసగుచ్చినట్టు చెప్పు. కోడలి పేరైతేనేం, నీ పేరైతేనేం? చీర మనదే కదా!"

షావుకారు వెళ్తూ వెళ్తూ మగ్గం పలక మీద చెయ్యి వేశాడు.

"బాగా ఆడతాండాదా పీరా ఈ మగ్గం? పోయిన నెల ఎవరో అడిగినారు. ఇయ్యలేదులే."

"సరే సావుకారూ" అన్నాడు పీరా. దేనికి సరే అన్నాడో ఆయనకూ తెలుసు, ఈయనకూ తెలుసు.

మోటారు సైకిలు సందు తిరిగేదాకా ఆగి, ఆరిఫా అందుకుంది. "సొమ్మొకడిది, సోకొకడిదీ అంటే ఇదే! సొంత మగ్గం ఇస్తారంట. ఆయప్పకి పద్నాలుగు మగ్గాలుండాయి. ఇంగొకటి ఏం చేసుకుంటాడు, నెత్తిన పెట్టుకుంటాడా?"

"మెల్లగా మాట్లాడు."

"ఏంటికి మెల్లగా? నాలుగు నెలలు కండ్లు పోగొట్టుకునింది నేను!"

"ఈ మగ్గం ఎవరిది? పైన పువ్వులు దించే జాకార్డు ఎవరిది? జరీ ఎవరిది?" పీరా మళ్లీ గుంటలోకి దిగాడు. "నోరు మెదిపినావంటే రేపు పొద్దునకి ఈ గుంట ఒకటే మిగుల్తాది. దాంట్లో కూర్చొని ఏం నేస్తాం?"

ఆరిఫాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మొగుడిదే పైచేయి అవుతుందని వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు ముందేసుకుంది.

మంగళవారం వసుంధర వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. చేతిలో నోటుపుస్తకం, ఫోను. చెప్పులు గడప బయటే విడిచి, ఎవరూ చెప్పకముందే చాప మీద కూర్చుంది. ఆరిఫా ముందే నిర్ణయించుకుంది. అడిగినదానికి జవాబు చెప్పాలి కానీ, ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పకూడదు.

"చెనిక్కాయే ఎందుకు వేయాలనిపించింది అక్కా?"

"ఊర్లో అదే పండుతాది కాబట్టి."

"ఎన్ని దినాలు పట్టింది?"

"శానా."

వసుంధర కాసేపు కలం కొరుక్కుంది. తర్వాత ఆమె చూపు గోడవార ఉన్న బియ్యపు గోతం మీద పడింది. దాని నిండా నలిపి పారేసిన గ్రాఫ్ కాగితాలు. ఒకటి తీసి మోకాలి మీద పరిచి చదును చేసింది. "ఇది ఎందుకు పారేసినావు? బాగానే ఉండాది కదా."

ఇన్నేళ్లలో ఆరిఫాను ఎవరూ ఆ మాట అడగలేదు. చీర బాగుందన్నవాళ్లున్నారు, ధర అడిగినవాళ్లున్నారు. పారేసింది ఎందుకు పారేశావని మొగుడు కూడా అడగలేదు. ఆమె నోరు ఆమె చెప్పుచేతల్లో లేకుండా పోయింది.

"బాగుండేది యాడ? సరిగ్గా చూడు. కాయలు వరసగా పెడితే మిరపకాయల మాదిరి లేవూ? పచ్చళ్ల కొట్టు బోర్డు మాదిరి వచ్చింది. ఇదో, దీంట్లో చెట్టు నిలబెట్టినా. నిలబెడితే కాయలు భూమిలోకి పోతాయి. కనపడనిది జరీలో ఎట్ల వేస్తావు? పదైదు దినాలు దీంతోనే సరిపోయింది. ఆమైన ఒక దినం పెనుకొండ నుంచి బస్సులో వస్తాంటే చెట్లు పీకి చేన్లో పడుకోబెట్టి ఉండారు. ఏటవాలుగా, తలకాయ ఒకపక్క, వేళ్లూ కాయలూ ఒకపక్క. ఓహో, చెట్టును పండబెట్టల్ల అనుకొన్యా. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు."

వసుంధర రాసుకోవడం మానేసి వింటోంది. "ఈ కాయల్లో ఒకటి ఖాళీగా ఉండాదే? చుట్టూ గీత ఉండాది కానీ లోపల జరీ నింపలేదు."

"అది పొల్లు కాయ. మీ మామ కూడా తప్పు పడిందని తిట్టినాడు. పొల్లు లేని చెట్టు యాడుంటాది చెప్పు? ఒక్కటి ఖాళీగా పెడితేనే తక్కినవి నిండుగా కనపడతాయి."

మగ్గం మీద పీరా నాడె విసరడం ఆపాడు. పెళ్లాం ఇంత మాట్లాడుతుందని అతనికీ తెలియదు. అతని చూపు తగిలేసరికి ఆరిఫా గతుక్కుమంది. ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదనుకున్నది సగం సంసారం విప్పి చాప మీద పెట్టింది. సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి, రెండూ తన మీదే.

"గీసి చూపించు అక్కా, ఒక్క చెట్టు" అంది వసుంధర.

చూపించింది. పెన్సిల్ కాగితం కుడి అంచున ఆనించి, ఒక్కో గడీ నింపుకుంటూ ఎడమకు వచ్చింది. వసుంధర పక్కనే కూర్చొని అట్లాగే కుడి నుంచి ఎడమకు గీసింది. పిల్ల చేతిలో ఒడుపుంది, మూడోసారికే చెట్టు వచ్చేసింది. కుడి నుంచి ఎందుకు అని ఆ పిల్ల అడగలేదు. ఆరిఫా చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. అన్నం ముద్ద ఎట్లా కలుపుతావంటే ఏం చెప్తాం?

బుధవారం వసుంధర కారు తెచ్చింది. చెట్లు పీకిన చేను చూడాలంది. పెనుకొండ దాటాక రోడ్డు పక్కన ఒక చేన్లో ఆడవాళ్లు గుంపుగా కూర్చొని కాయలు తెంపుతున్నారు. వాళ్లలో పెద్దావిడ, అందరూ ఉలిగమ్మ అంటున్న ఆవిడ, వీళ్లను ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, కొనేటోళ్లా, చూసేటోళ్లా?"

"చూసేటోళ్లమే అవ్వా."

"చూసేదానికి ఏముండాదమ్మా ఈడ! కూర్చోండి. చూస్తా చూస్తా రొన్ని కాయలు తెంపండి."

ఇద్దరూ కూర్చున్నారు. ఆరిఫా ఒక చెట్టు తీసుకొని మట్టి దులిపింది. లేత కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది. "మా అవ్వ హజరాబీతో కూలికి పోయేదాన్ని చిన్నప్పుడు. చెట్టు పీకితే మొదటి కాయ నా నోట్లోనే పెట్టేది. మట్టి రుచి పోకముందే తినల్లమే అనేది."

ఆ మాట ఎందుకు అందో ఆమెకే తెలియదు. పచ్చి కాయ పాలు నాలుకకు తగిలాయి, మాట వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో వసుంధర ఫోను ముందు పెట్టుకొని రేపు చెప్పాల్సింది వల్లె వేసుకోవడం మొదలుపెట్టింది. చెట్టును పండబెట్టడం గురించి చెప్పింది. పొల్లు కాయ గురించి చెప్పింది. అన్నీ సరిగ్గానే వచ్చాయి. తర్వాత గొంతు కాస్త మెత్తగా చేసుకొని, "చిన్నప్పుడు మా అవ్వతో చేన్లోకి పోయేదాన్ని. చెట్టు పీకితే మొదటి కాయ నా నోట్లోనే..." అంది.

"మా అవ్వను వదిలెయ్యమ్మా."

వసుంధర ఫోను ఆపేసింది.

"చీర తీసుకుంటిరి. పేరు తీసుకుంటిరి. తీసుకోండి, మేమేం చెయ్యగలం! మా అవ్వ ఎవరికీ బాకీ లేదు. ఆయమ్మను నా దగ్గరే ఉండనీ." ఆరిఫా కిటికీ వైపు తిరిగింది.

ధర్మవరం దగ్గర పడుతుండగా వసుంధర అంది. "నన్నడిగి పేరు ఇయ్యలేదక్కా. ఇచ్చినాక చెప్పినాడు మామ. రానంటే, ఇంత చదివిచ్చింది మీ నాయన దేనికి అన్నాడు."

ఆ పిల్ల మీద కోపం ఉంటేనే ఆరిఫాకు సుఖంగా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

బేస్తవారం హిందూపురంలో ఒక కల్యాణమండపం. ముందు వరసల్లో కుండల ఆయన, ఈతచాపల ఆవిడ, కొయ్యబొమ్మల ఆయన తమ వంతు కోసం కూర్చున్నారు. వేదిక మీద రెండు కుర్చీలు, మధ్యలో బల్ల. మాట్లాడించే ఆవిడ పేరు శ్రీదేవి. అరవై ఏళ్లుంటాయి, బెంగళూరులో స్థిరపడిన తెలుగామె. నవ్వుతూనే అడుగుతుంది కానీ ఎవరినీ తేలిగ్గా వదలదు. కుండల ఆయనను, పగిలిన కుండను చూస్తే మీకేమనిపిస్తుంది అని అడిగి, పాపం ఆ పెద్దాయన చేత కళ్లు తుడిపించింది.

షావుకారు ఇస్త్రీ చొక్కాతో మొదటి వరసలో కూర్చున్నాడు. పీరా వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆరిఫా చీర పట్టుకొని వేదిక మీద, వసుంధర కుర్చీ వెనక. కొంగు రెండు చేతుల మీదా పరిచి పట్టుకోవడమే ఆమెకు అప్పగించిన పని.

వసుంధర బాగా మాట్లాడింది. కాదనడానికి లేదు. మిరపకాయల మాదిరి వచ్చిన మొదటి కాగితం గురించి చెబితే జనం నవ్వారు. పండబెట్టిన చెట్టు గురించి చెబితే శ్రీదేవి తల ఊపింది. ఒక్కో మాటకూ ఆరిఫా చీర కొంగును ఇంకాస్త బిగించి పట్టుకుంది. అవ్వ మాట వస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది. రాలేదు. వసుంధర అక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ ముక్క దాటేసి ముందుకు పోయింది.

"ఒక చెట్టు గీసి చూపిస్తావా?" అని శ్రీదేవి గ్రాఫ్ కాగితం, పెన్సిలు, రబ్బరు బల్ల మీద పెట్టింది.

వసుంధర గీసింది. కుడి నుంచి ఎడమకు, గడి గడి. శ్రీదేవి కళ్లద్దాలు సర్దుకొని ముందుకు వంగింది.

"అదేమిటమ్మా, కుడి నుంచి వస్తున్నావు? ఉర్దూ చదువుకున్నావా?"

జనం నవ్వారు. షావుకారు కూడా నవ్వాడు. చీర పట్టుకున్న ఆరిఫాను చూసి ఇంకొంచెం నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆరిఫాకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు. వాళ్లింట్లో నమాజు తప్ప తక్కినదంతా తెలుగే.

"లేదు మేడం" అంది వసుంధర. "ఎందుకో... చేతికి అట్లే అలవాటైపోయింది."

"సరే" అంది శ్రీదేవి. షావుకారు ఊపిరి వదిలి వెనక్కి వాలాడు. గండం గడిచింది. ఇంకో రెండు ప్రశ్నలైతే అంతా అయిపోయేది. కానీ శ్రీదేవి కాగితం తీసి చీర కొంగు అంచు పక్కన పెట్టి చూసింది.

"చూడమ్మా, చీరలో చెట్టు తల కుడివైపుకుంది. నువ్వు గీసిన దాంట్లో ఎడమవైపుకుంది. హడావిడిలో తిరగబడినట్టుంది. పర్లేదులే, దిద్దుకో."

వసుంధర మొహం తెల్లబోయింది. చీర వైపు చూసింది, కాగితం వైపు చూసింది. నిజమే, తిరగబడింది. గబగబా రబ్బరు అందుకొని మొదటి ఆకు మీద పెట్టి రుద్దసాగింది.

"చెరపొద్దు!"

మండపమంతా తిరిగి చూసింది. అరిచింది తనేనని ఆరిఫాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. చీర కొంగు చేతుల్లోంచి జారి బల్ల మీద పడింది. పేరు కోసం కాదు, మగ్గం కోసం కాదు. సరిగ్గా ఉన్న గీతను తన కళ్లముందే తప్పు చేస్తుంటే ఓర్చుకోలేకపోయింది, అంతే.

షావుకారు లేచి నిలబడ్డాడు. "పనిమనిషి మేడం. దానికేం తెలుసు. ఏమ్మే, పక్కకి రా!"

శ్రీదేవి చెయ్యెత్తి ఆయనను ఆపింది. "ఎందుకు చెరపొద్దు?" అని ఆరిఫాను అడిగింది.

ఆరిఫా పీరా వైపు చూసింది. పీరా గోడ దగ్గర కదలకుండా ఉన్నాడు. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. మగ్గం పలక మీద షావుకారు చెయ్యి గుర్తొచ్చింది. ఇప్పుడైనా "తప్పయిపోయింది మేడం" అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. ఈలోగా బల్ల మీద, సగం చెరిగిన ఆకు కనపడింది.

"అది తప్పు కాదు మేడం. అట్లే ఉండల్ల. మా మగ్గం మీద చీర బోర్లా పడతాది. మంచి మొగం కిందికి ఉంటాది. మా నాయన నేస్తాంటే నేను గుంట పక్కన పండుకొని కింద అద్దం పట్టేదాన్ని, పువ్వు ఎట్ల పడిందో చూసేదానికి. అద్దంలో కుడి ఎడమ అవుతాది, ఎడమ కుడి అవుతాది. నేను పువ్వులన్నీ ముందు అద్దంలోనే చూస్తి. నాకు చీర అంటే అదే. అందుకే గీసేటప్పుడే తిప్పి గీస్తా, కుడిపక్క నుంచి వస్తా. ఇట్ల గీస్తేనే చీరలో తల కుడికి పడతాది. ఆయమ్మ గీసింది సరిగ్గానే ఉండాది. దాన్ని దిద్దితే చీర చెడిపోతాది."

కుండల ఆయన ముందు వరసలోంచి, "అంతే గదా మరి" అన్నాడు, తనకంతా ముందే తెలిసినట్టు.

శ్రీదేవి వసుంధరను ఏమీ అడగలేదు. కొంచెం సేపు చూసింది, అంతే. వసుంధర రబ్బరు కింద పెట్టింది. కుర్చీలోంచి లేచింది. జారిపడిన కొంగు తీసి తన రెండు చేతుల మీదా పరుచుకొని, కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది. ఇందాక ఆరిఫా నిలబడిన చోటే.

"వసుంధరా!" అన్నాడు షావుకారు.

ఆ పిల్ల కొంగు చూసుకుంటూ ఉండిపోయింది.

శ్రీదేవి మాటలు రికార్డు చేసే పరికరాన్ని బల్ల ఇవతలికి జరిపింది. "కూర్చోండమ్మా. మీ పేరు చెప్పండి."

"ఆరిఫా" అంది. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. మళ్లీ చెప్పింది. "ఆరిఫా. అబూబకర్ బిడ్డను. ధర్మవరం."

సాయంత్రం షావుకారు కారు వాళ్లను ఎక్కించుకోకుండానే పోయింది. ఎక్కేముందు ఆయన పీరా దగ్గరికి వచ్చి, "రేపు పొద్దున మనుషుల్ని పంపిస్తా. మగ్గం విప్పి పెట్టు" అని మాత్రం అన్నాడు. పుస్తకం వాళ్లు ఎవరికి మగ్గం ఇచ్చేదీ నెల తర్వాత చెబుతామన్నారు. ఇస్తారో ఇవ్వరో దేవుడికెరుక.

ఇద్దరూ బస్సెక్కారు. పీరా టిక్కెట్లు తీసుకొని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆరిఫా కిటికీ పక్కన కూర్చొని, తిడితే బాగుండు అనుకుంది. తిట్టకపోతే ఇంకా భయం. పదేళ్ల మగ్గం. రేపటి నుంచి పొయ్యి ఎట్లా వెలుగుతుంది? ఎవరింట్లో కూలికి కూర్చుంటాడు ఈ మనిషి? చెరిపితే చెరపనీ, నాకెందుకు అనుకోలేకపోయానే అని తనను తానే తిట్టుకుంది. అంతలోనే, రబ్బరు మళ్లీ కళ్లముందు కనపడింది. మళ్లీ అరుస్తానని కూడా తెలిసింది.

పెనుకొండలో బస్సు ఆగింది. పీరా దిగిపోయాడు. డ్రైవరు హారన్ కొడుతున్నా రాడు. ఆరిఫా కంగారుగా లేచి నిలబడేసరికి కాగితం పొట్లంతో ఎక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఇంకా వేడిగా ఉన్నాయి. పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఒక కాయ ఒలిచి చూశాడు. లోపల గింజ లేదు.

"పొల్లు" అని చూపించాడు.

ఆరిఫాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మగ్గం పోతాదే" అంది.

"మగ్గం ఆయనది. తీసుకుపోనీ." పీరా ఇంకో కాయ ఒలిచాడు. ఇది నిండుగా ఉంది. ఆమె చేతిలో పెట్టాడు. "అద్దం మనదే కదా."

బస్సు కదిలింది. ఆరిఫా గింజ నోట్లో వేసుకుంది.